గోడ అవతలి శక్తి

జంషెడ్‌పూర్‌లో ఇన్నివేల మంది తెలుగువాళ్ళున్నారు గానీ, కుండలినీ శక్తిని బొడ్డు దాటించిన మొనగాడు మాంగో పోలరాజు ఒక్కడే. ఈ మాట ఎవరు అడిగినా, ఎక్కడ అడిగినా, గుండె మీద చెయ్యేసుకుని చెబుతాను. అంతటి మొనగాడు ఈ పొద్దున మాంగో స్టాండులో మినీబస్సు వెనక సీట్లో, ఒళ్ళో చోడంబలి గిన్నె పెట్టుకుని, దాని మూత మీద రెండు చేతులూ వేసి, బస్సు ఎప్పుడు కదులుతుందా అని కూర్చుని ఉన్నాడు. కదలదు. నిండాలి. కండక్టరు రేకు మీద చరుస్తూ సాక్చీ బిష్టుపూర్, సాక్చీ బిష్టుపూర్ అని అరుస్తున్నాడు, వాడిదీ జపమే, తెల్లారిన దగ్గర్నించీ అదే మాట తిప్పుతున్నాడు, తిప్పీ తిప్పీ వాడి శక్తి ఎక్కడిదాకా లేచిందో. బిష్టుపూర్‌లో పెద్దాసుపత్రి, అందులో ఆడవాళ్ళ వార్డు, వార్డులో కిటికీ పక్క మంచం, మంచం మీద దాలమ్మ. అక్కడికి పోవాలి. పోయి పెళ్ళాం చెవిలో ఒక మాట చెప్పాలి, అంతే పని. మూడు ముక్కల మాట. నిన్న సాయంత్రం అడిగింది, చెప్పలేదు. అడిగి అడిగి ఏం అడిగింది? చీర అడగలేదు, ఊరు చూపించమనలేదు, ఆపరేషను చేసినా ఇంక లాభం లేదని డాక్టరన్న సంగతి తనకెందుకు చెప్పలేదని కూడా అడగలేదు. "మావా, నువ్వు తెల్లారగట్ల లోపల్లోపల తిప్పుకుంతావే, ఆ మాటేటో ఓపాలి నా సెవిలో సెప్పవా. నానెవురికి సెప్పీత్తాను ఇప్పుడు" అంది. మంత్రం పైకి చెబితే లేచిన శక్తి దిగిపోతుందని గురువు మాట. దిగిపోతే ఆవిడకే నష్టం గదా, ఆ శక్తితోనే గదా తను ఆవిడని బాగుచేస్తున్నది, అదే చెప్పాడు, పసిదానికి చెప్పినట్టు చెప్పాడు. "సర్లే మావా, ఉంచుకో" అని దాలమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

గోడవైపు. గోడ అనుకోగానే పోలరాజు కుడి అరచెయ్యి గిన్నె మూత మీంచి లేచి గాలిలో నిలబడింది, పొద్దున్న వంటింటి గోడకి ఆనినట్టే, మళ్ళీ మూత మీదకి దిగింది, అంబలి ఇంకా వేడిగానే ఉంది, బస్సు కదిలితే వేడి ఉండగానే పట్టుకుపోవచ్చు, ఓ గుక్కయినా తాగుతుంది, చోడంబలి తాగాలనుందని నిన్న కూతురు పద్మతో అందట, తనతో అనలేదు, తనని మంత్రం ఒక్కటే అడిగింది, ఆ అడిగింది తను ఇవ్వలేదు, తనని అడగనిదాన్ని మోసుకుపోతున్నాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు గానీ బండి కదల్లేదు, నిలబడ్డచోటే గడగడ వణుకుతోంది, ఆ వణుకు సీటులోంచి పోలరాజు వెన్ను అడుగున తోకబొద్దె దగ్గర మొదలై, నడుం, బొడ్డు, రొమ్ము, గొంతుక, కనుబొమల మధ్య, ఒక్క ఊపులో మాడు దాకా ఎక్కేసింది. ఇన్నేళ్ళు కూర్చుని ఝాడ్‌గ్రాం దాటించినదాన్ని ఈ డొక్కు మినీబస్సు న్యూట్రల్లో ఉండగానే హౌరా చేర్చేసింది. నవ్వొచ్చింది.

ఝాడ్‌గ్రాం, హౌరా ఏమిటంటారా, అది గార్డుసామి లెక్క. సామి పూర్వాశ్రమంలో గూడ్సు బండి గార్డు, పలాస మనిషి. ఓసారి బ్రేకులు తెగిన బండిని ఊపిరి బిగబట్టి ఆపాడని చెప్పుకుంటారు, ఊపిరి వదిలేసరికి బండి వెనక్కి కూడా నడిచిందట. పింఛనీ పుచ్చుకున్నాక జుగ్సలాయిలో ఒక గది తీసుకుని, ఆదివారం పూట మంత్రాలిచ్చేవాడు. శక్తి అంటే ఏటి సామీ అనడిగితే, ఒరే, నీ ఎన్నుపూస లైను, కింద టాటానగర్‌లో బండి నిద్రపోతంది, పైన హౌరాలో అయ్యవారు కూకుని ఎదురుసూత్తన్నాడు, నడాన ఘాట్‌శిల, ఝాడ్‌గ్రాం, ఖరగ్‌పూరు, ఒక్కో స్టేషనులో సిగ్నలు పడాల, మంత్రమే లైన్‌క్లియరు, బండి కదలమనే కాయితం, అది ఇంకోడి సేతికిచ్చేవో, బండి ఉన్నచోటే నిలడిపోద్ది, అనేవాడు. అర్థం కానివాడు ఉంటాడా? కార్ఖానా తెలుగువాళ్ళకి అంత తేటగా వేదాంతం చెప్పినవాడు ఆ ముందూ లేడు, ఆ తరవాతా లేడు. పోలరాజుకి మరీ బాగా అర్థమైంది, ఎందుకంటే అతను రోలింగ్ మిల్లులో ఆయిల్‌మేను, తిరిగే ప్రతిదాని మీదా చెయ్యి వేసి బతికిన మనిషి, గ్రీజు కొట్టేముందు బేరింగు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుని, లోపల గుండు అరిగిందో, నూనె ఆరిందో, వణుకుని బట్టి చెప్పేవాడు. తోటివాళ్ళు పోలరాజు చెయ్యి డాక్టరు గొట్టంరా అనేవారు. అటువంటి చెయ్యి. ఆ చెయ్యి.

బస్సు కదిలింది. పక్కన ఎప్పుడొచ్చి కూర్చుందో సన్యాసమ్మ కూర్చుంది, వాళ్ళ లైనుఇళ్ళలోనే చివరింటావిడ, సాక్చీ బజారులో ఎండుచేపలమ్ముతుంది, బుట్ట కాళ్ళ మధ్య పెట్టుకుని, "ఏటి సామీ, ఇయ్యాల నుదుట ఈబూది నేదు, దేముడు సెలవెట్టేడేటి" అంది, ఎప్పుడూ అనే వేళాకోళమే, మామూలు రోజయితే కళ్ళు మూసుకుని ఊరుకునేవాడు, అతనికి పొద్దున్న డ్యూటీకి బయల్దేరేదాకా మౌనం, ఎవరితోనూ మాట్లాడడు, దాలమ్మతోనూ మాట్లాడడు, ముఖ్యంగా దాలమ్మతో. కంచం పెడితే తింటాడు, ఉప్పు తగ్గితే వేలు చూపిస్తాడు. ఆవిడ కూడా వేళ్ళ భాష నేర్చుకుంది. మొదట్లో నవ్వేది, మా ఆయన మూగోడు కాదమ్మా, పొదుపు సేత్తన్నాడు అనేది సన్యాసమ్మతో. పక్క వేరు చేసిన రోజున కూడా వేళాకోళమే ఆడింది, నీ పాముకి సలవ కావాలి గావాల, పోయి గచ్చుమీద తొంగో, అంది. ఆ తరవాత ఆ సంగతి ఎత్తలేదు. చీకట్లో ఆవిడ ఎటు తిరిగి పడుకుంటోందో ఇన్నేళ్ళలో పోలరాజు చూసిన పాపాన పోలేదు. నిన్న గోడవైపు తిరిగినప్పుడు చూశాడు, వీపు మీద జాకెట్టు ఎంత వదులైపోయిందో, మధ్యలో వెన్ను పూసలు పూసలుగా లేచి, లెక్కపెట్టుకుంటూ పోవచ్చు ఒక్కో స్టేషనూ.

"దాలమ్మప్పకి ఎలాగుంది?" అంది సన్యాసమ్మ, వేళాకోళం మానేసి. బాగుంది అనబోయాడు. నోరు తెరిస్తే ఆ మూడు ముక్కల మాట పైకొచ్చేస్తుందేమోనని భయమేసి మూసుకున్నాడు. ఎందుకు భయం? రావాలనే గదా ఇప్పుడు. పైకి చెప్పగలడో లేడో అదీ తెలియదు, తీసుకున్న రోజు నించీ గొంతుతో ఒక్కసారీ అనలేదు, ఊపిరి లోపలికి పోతూ ఒక ముక్క, నిలిచినప్పుడు ఒక ముక్క, బయటికొస్తూ ఒక ముక్క, నాలిక కదలకూడదు, పెదవి కదలకూడదు. పెదవి కదిపి చూశాడు, కిటికీవైపు తిరిగి, మొదటి ముక్క. గాలి వచ్చింది, మాట రాలేదు. తిరగని బేరింగు పట్టేసినట్టు పట్టేసింది. బిష్టుపూర్ చేరేలోగా వదులు చేసుకోవాలి. మళ్ళీ అన్నాడు. సన్యాసమ్మ అతని మొహంవైపు ఒకసారి చూసి, బుట్ట కొంచెం దగ్గరికి లాక్కుని, కళ్ళు దించుకుంది.

అసలు ఇదంతా ఆ తిరగలి దగ్గర వచ్చింది. దాలమ్మ కాపరానికి వచ్చినప్పుడు పుట్టింటి నించి పట్టుకొచ్చిన తిరగలి, శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో రైలుపెట్టెలోకి ఎక్కించడానికి నలుగురు కూలీలు పట్టారట, దాని బరువుకి ఇంజను ఖుర్దా రోడ్డు దాకా ఆయాసపడుతూనే ఉందట, టీసీ వచ్చి దీనికి టిక్కెట్టేదీ అంటే, ఇది మాయత్త, లెగలేదు, కూకోబెట్టి తెస్తన్నాను, అందట దాలమ్మ. బజారులో మరపట్టిన పిండి మట్టి కంపు కొడుతుందని చోళ్ళూ, పెసలూ అన్నీ దానిమీదే. మొదట్లో అది అరుగు మీద ఉండేది. తెల్లారగట్ల పోలరాజు ముందుగదిలో గోడకి వీపు ఆనించి కూర్చునేసరికి, అరుగు మీద ఇది ఘరఘరమని తిరిగేది, పైగా పాట, వదినా మరదళ్ళ పాట, ఊరినించి తెచ్చుకున్నదే అదీను. మంత్రం ఒక చుట్టు తిరిగితే పాట రెండు చుట్లు తిరిగేది. ఒకరోజు మౌనం విడిచాక కేకలేశాడు, నీ రాయి సప్పుడుకి నా బండి టేసను కదలటం నేదు అని. ఆ మర్నాడు తిరగలి వంటింట్లోకి పోయింది, మూలకి, గోడవారకి; తలుపు దగ్గరికి వేసుకుని, పాట మానేసి, తిప్పుకునేది. చప్పుడు ఆగిపోయింది, ఇంకేమైనా మిగిలితే నది అవతల కార్ఖానా హోరు మింగేసేది. ఆ వారంలోనే. ఆ వారంలోనే పోలరాజు తోకబొద్దెలో మొట్టమొదటిసారి శక్తి కదిలింది. సన్నగా, కింద గచ్చులోంచి పుట్టినట్టు, వీపు వెంట పాకుతూ. కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఆదివారం పరిగెత్తుకుని పోయి గార్డుసామి కాళ్ళమీద పడ్డాడు. సామి అడిగిన మొదటి మాట, ఆగి ఆగి వత్తందా, ఒక్క దమ్మున వత్తందా? ఆగి ఆగి వత్తంది సామీ. ఆఁ, అదే, సిగ్నలు పడ్డంత మేరే కదుల్తది.

ఆగి ఆగి. గుప్పెడు గింజలు పోసుకోవటానికి చెయ్యి ఆగినప్పుడల్లా.

బస్సు కూడా ఆగింది. వంతెన మీద. ముందు ఒక ట్రక్కు ఇరుసు విరిగి అడ్డంగా నిలబడిపోయిందట, కండక్టరు దిగి చూసొచ్చి, ఏక్ ఘంటా తో లగేగా భాయీ, అని బీడీ ముట్టించాడు. గంట! కింద సువర్ణరేఖ వానాకాలపు ఎర్రనీళ్ళతో ఒరుసుకుంటూ పోతోంది. పోలరాజు లేచి నిలబడ్డాడు. "వంతెన నడిసి దిగిపో సామీ, అవతలొడ్డున టెంపోలుంతాయి, బేగెల్లు" అని సన్యాసమ్మ బుట్ట జరిపి దారిచ్చింది. దిగాడు. రైలింగు పట్టుకుని నడక మొదలెట్టాడు, గిన్నె ఒలక్కుండా, అడుగు అడుగుకీ మొదటి ముక్క, రెండో ముక్క, మూడో ముక్క, పెదవులు కదుపుతూ, కార్లవాళ్ళూ సైకిళ్ళవాళ్ళూ చూస్తే చూడనీ. నిన్న రూత్ సిస్టరు వార్డు గుమ్మం దాకా వచ్చి, "పొద్దున్నే వచ్చేయండి పోలరాజుగారూ, డ్యూటీ ఉన్నా మానేసి రండి" అంది. ఆవిడది భీమిలి. మెత్తగా మాట్లాడుతుంది. ఆ మెత్తదనం నిన్న తనకి అర్థం కాలేదు.

పొత్తికడుపులో నెప్పి అని దాలమ్మ మొదటిసారి ఎప్పుడంది? మామిడికాయల రోజులు, ఊరగాయ ముక్కలు ఆరబోస్తూ అంది. పద్మ ఆసుపత్రికి పోదాం అంది. ఎందుకు, నేనున్నాను గదా, అన్నాడు పోలరాజు. కళ్ళు మూసుకుని, బొడ్డు దాటిన శక్తిని చేతిలోకి దింపుకుని, బేరింగు పెట్టె మీద ఆనించినట్టే దాలమ్మ కడుపు మీద అరచెయ్యి ఆనించాడు. ఎన్నాళ్ళకి ముట్టుకున్నాడో. ఆవిడ కదలకుండా పడుకుని పైకప్పు చూసింది. "తగ్గిందేటి?" అన్నాడు. "తగ్గింది మావా" అంది. ఆ మర్నాడు కూడా పెట్టాడు. తగ్గింది మావా. ఆ నెలంతా తగ్గుతూనే ఉంది. వానలు పడేదాకా తగ్గింది. కార్ఖానాలో ఏ మూల గుండు అరిగినా పట్టేసిన చెయ్యి, ఆ పొట్టలో ఏం పెరుగుతోందో పట్టుకోలేకపోయింది. ఆవిడ తగ్గిందన్నది, లేదంటే చెయ్యి తీసేస్తాడేమోననా? తీసేస్తాడనే. తగ్గలేదంటే అతని శక్తికి మాట వస్తుందనీనూ. రెండూనూ. వంతెన నడిమధ్య పోలరాజు ఆగిపోయాడు, వెనకనించి ఒక సైకిలువాడు గంట కొడుతున్నాడు, అరే హటో బాబా అంటున్నాడు, గిన్నె రైలింగు మీద పెట్టి ఊపిరి తీసుకున్నాడు, ఊపిరి లోపలికి పోతూ అలవాటు చొప్పున మొదటి ముక్క అనుకుంది, ఇన్నేళ్ళలో ఊపిరీ మంత్రమూ రెండూ ఒకటే అయిపోయాయి, ఊపిరి పీల్చకుండా ఉండలేడు, అనకుండా ఉండలేడు.

దాలమ్మ ఆసుపత్రిలో చేరిన మర్నాటి నించీ బండి మళ్ళీ టాటానగర్‌లో పడుకుంది. ఎంత కూర్చున్నా ఏమీ లేదు, గచ్చు చల్లగా, గోడ చల్లగా, వీపు వీపులా. ఆసుపత్రి గాలి, మైల, మందుల కంపు, అదే కారణం అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడా? మంచం పక్కన నిలబడి చెప్పాడు ఆవిడతో, "నీ కోసం రోజూ ఇక్కడికి వత్తన్నానా, నా శక్తి దిగిపోనాదే" అని. "అయితే రాకు మావా. పద్మ వత్తది, సాల్లే" అంది దాలమ్మ. రెండు రోజులు వెళ్ళలేదు కూడా. ఇంట్లో కూర్చుని జపం చేశాడు.

ఇక ఈ తెల్లారగట్ల సంగతి. గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు, కళ్ళు మూశాడు, ఏమీ లేదు, ఏమీ లేదు, ఉండుండి లేచింది! తోకబొద్దె జిల్లుమంది, వణుకు వీపు వెంట పాకింది, నడుం దాటింది. పట్టలేని సంతోషంతో పోలరాజు ఒంట్లో ప్రతి వెంట్రుకా నిలబడింది. తిరిగొచ్చింది, తల్లి కరుణించింది, ఈ చేత్తో ఇప్పుడే పోయి దాలమ్మని ముట్టుకుంటే, లేచి కూర్చుంటుంది, నడిచి ఇంటికొస్తుంది, ఆ రూత్ సిస్టరు కళ్ళు తిరిగి పడిపోతుంది. ఆగింది. మళ్ళీ లేచింది. ఆగింది. అప్పుడు గోడ అవతల పద్మ దగ్గింది. దగ్గినంతసేపూ శక్తి ఆగింది. దగ్గు ఆగింది, శక్తి లేచింది.

లేచి తలుపు తీశాడు. పద్మకుమారి తిరగలి ముందు కాళ్ళు చాపుకుని, జుట్టు ముడేసుకుని చోళ్ళు విసురుతోంది. మౌనం పోయింది, ఏమైతే అయింది. "ఆపు" అన్నాడు. ఆపింది. అరచెయ్యి గోడకి ఆనించాడు. "తిప్పు." తిప్పింది. గోడ వణికింది. "ఆపు." గోడ ఊరుకుంది. "తిప్పే." మిల్లులో కొత్తగా చేరినవాడికి పని నేర్పుతున్నట్టు నిలబడ్డాడు, ఆపు, తిప్పు, ఆపు, తిప్పు, చెయ్యి అబద్ధం చెప్పదు, అడక్కపోతే మటుకు నిజమూ చెప్పదు, ఇన్నేళ్ళూ గోడకి వీపు ఇచ్చాడు గానీ చెయ్యి ఇవ్వలేదు. పద్మ భయపడిపోయి, క్యా హువా బాబూ, క్యా హువా, అంటోంది. పుట్టిన దగ్గర్నించీ తెలుగులో అడిగితే హిందీలోనే జవాబు చెప్పే పిల్ల. ఏం లేదు, మీయమ్మ రోజూ ఇక్కడే విసిరేదా, అన్నాడు. ఇంకెక్కడ విసురుతుంది, అంది, ఖాలీ భీ ఘుమాతీ థీ, అంది.

ఖాళీగానా?

పిండి ఇంట్లో దండిగా ఉన్న రోజుల్లో కూడా అమ్మ లేచి ఒట్టి తిరగలి తిప్పేదట. ఎందుకే, రాళ్ళరిగిపోతాయి, పడుకో, అని పద్మ కసురుకుంటే, నువ్వూరుకో, మీ నాన్న దేవుడు లేవాలి, లేవకపోతే రోజంతా మొహం మాడ్చుకుంటాడు, అనేదట. మొదట తెలియదట, ఒకరోజు తలుపు సందులోంచి చూసిందట, తను తిప్పితే ఆయన మొహం వెలగటం, ఆపితే ఆరటం. చూసి, వచ్చి కూర్చుని మళ్ళీ తిప్పిందట. పద్మ ఈ ముక్కలన్నీ హిందీలో చెప్పింది గానీ ఆఖరి మాట మాత్రం అమ్మ అన్నట్టే అంది. "ఆడి మొకం అలగుండగా సూడ్డానికి నాకు బాగుంతాదే."

ఒట్టి తిరగలి గింజ ఉన్నదానికన్నా ఎక్కువ వణుకుతుంది, రాయి రాయినే ఒరుసుకుంటుంది గనక. పోలరాజు శక్తి బొడ్డు దాటిందని తెలుగు సంఘంలో చెప్పుకుని, దండలు వేయించుకున్న ఆ రోజులన్నీ పిండి దండిగా ఉన్న రోజులే. మొదట్లో నేనొక మాటన్నాను, గుండె మీద చెయ్యేసుకుని, బొడ్డు దాటించిన మొనగాడని. ఆ చెయ్యి తీసేస్తున్నాను, సంతోషంగానే తీసేస్తున్నాను. బొడ్డు దాటలేదు, బొడ్డుదాకా పోలేదు, అసలు లేవనే లేదు. జంషెడ్‌పూర్‌లో ఆ పొద్దుల్లో లేచిన శక్తి ఒక్కటే, తెల్లారకముందే లేచి, కొంగు నడుముకి దోపుకుని, తలుపు దగ్గరికి వేసుకుని కూర్చున్న శక్తి. నేను తప్పు మనిషి పేరు చెప్పాను, అంతే.

వంతెన దిగాడు. టెంపో దొరికింది, ఆరుగురు కూర్చునేచోట తొమ్మండుగురు, మోకాలి మీద ఎవరిదో టిఫిను డబ్బా, ఛాతీకి అదుముకుని గిన్నె. ఏదీ దిగిపోయే భయం లేదిప్పుడు. లేవనిది ఏం దిగుతుంది? ఇచ్చేయవచ్చు, లైన్‌క్లియరు కాయితం ఆవిడ చేతిలో పెట్టేయవచ్చు, నీదే ఇది, ఇన్నాళ్ళూ నీ బండి మీద నేను కూర్చుని సవారీ చేశాను, అని చెప్పవచ్చు. ఏమని మొదలుపెట్టాలి? దాలమ్మా అనా? పేరుపెట్టి పిలిచి ఎన్నాళ్ళయింది, ఏయ్, ఇదిగో, ఉప్పు, నీళ్ళు, వేలు. సాక్చీ గోల్‌చక్కరు దగ్గర టెంపో ఒరిగింది, మొదటి ముక్క పైకి వచ్చింది. గొంతుతో. బొంగురుగా, ఎవరిదో గొంతులా. పక్కనున్న సర్దార్జీ, క్యా బోలే, అన్నాడు. కుఛ్ నహీఁ, అన్నాడు పోలరాజు, రెండో ముక్క అన్నాడు, అదీ వచ్చింది. ఆవిడ ఏమంటుందో. ఏడుస్తుందా? ఏడవదు. తిరగలి పాట మళ్ళీ పాడమనాలి. అడగాలి, ఆ వదినా మరదళ్ళ పాటలో ఆఖరికి ఏమవుతుంది, మరదలు అడిగిన నగ వదిన ఇస్తుందా, ఇవ్వదా, ఎప్పుడూ మంత్రం అడ్డమొచ్చి తను ఆఖరిదాకా వినలేదు. మూడో ముక్క బిష్టుపూర్‌లో దిగేటప్పుడు వచ్చింది. మూడూ కలిపి అన్నాడు, రోడ్డు దాటుతూ, ఆసుపత్రి గేటులో, మెట్లమీద, పైకే, గట్టిగానే, రహస్యమనేది ఎప్పుడైనా ఉండేదని మరిచిపోయినట్టు.

వార్డు గుమ్మంలో రూత్ సిస్టరు ఎదురొచ్చింది. "పోలరాజుగారూ, ఒక్క నిమిషం" అని చెయ్యి పట్టుకోబోయింది. అతను ఆ చేతిలో అంబలి గిన్నె పెట్టేసి, ఆగకుండా కిటికీ పక్క మంచం దగ్గరికి పోయాడు. గార్డుసామి మంత్రమిచ్చిన రోజున గురువు తలా శిష్యుడి తలా ఒకే గుడ్డ కింద చేర్చి, గాలికి కూడా వినపడకుండా చెవిలో చెప్పాడు. పోలరాజు మోకాళ్ళమీద కూర్చుని, భుజం మీది తుండు తీసి, తన తలా దాలమ్మ తలా కలిపి కప్పాడు. కప్పి, దాలమ్మా, అన్నాడు. తరవాత ఆ మూడు ముక్కలూ చెప్పాడు. నిదానంగా, ఒకదాని తరవాత ఒకటి. మళ్ళీ చెప్పాడు. దాలమ్మ విన్నది. విని, తుండు కింద ఆ చీకట్లో నవ్వింది, ఆవిడ నవ్వు ఎంత దగ్గరగా ఉందంటే ఊపిరి అతని చెంపకి తగిలింది. "ఇదేటి మావా, ఇంతేనా" అంది. "ఈపాటి మాటకేనా అన్నాళ్ళు నన్ను తలుపేసుకుని కూకోబెట్టేవు? నానేదో పెద్దదనుకున్నాను" అంది. "ఏదీ, ఇంకోపాలి సెప్పు, నాకు పలకటం రావాలి గదా" అంది.

చాలా కతలు చెప్పాను నేను ఈ నోటితో. ఇంజను ఆయాసపడటం, బండి వెనక్కి నడవటం, అవన్నీ నలుగురూ చెప్పుకున్నవే, నేను కొంచెం నెయ్యి వేశాను, అంతే. కల్పించింది మటుకు ఒక్కటే, ఆ నవ్వు, దాని వెనక వచ్చిన మాటలు. తుండు కప్పటం నిజం, మంత్రం చెప్పటం నిజం, గిన్నె చేత్తో పట్టుకుని నిలబడి రూత్ సిస్టరు చూసింది. అతను వంతెన మీద నడుస్తున్నప్పుడే ఆవిడ దాలమ్మ మొహం మీదికి దుప్పటి లాగి వచ్చింది. పోలరాజు ఆ దుప్పటి తియ్యలేదు. దానిమీదే తుండు కప్పి, పైనించే వేళ్ళతో తడుముకుని, చెవి ఎక్కడుందో చూసుకుని చెప్పాడు.